విద్యార్థి సైనికుడు సుభాస్

కళాశాల మైదానంలో ఖాకీ దుస్తులు ధరించి, వరుసలు తీరి కవాతు చేసే ఎన్‌.సి.సి. విద్యార్థులను చూడనివారు మనలో ఉండరు. మీలో కొందరు ఆ వరుసల్లో నిలిచినవారే కావచ్చు. నూరేళ్ల కిందట ఈ దేశపు విద్యార్థికి అది అంత సులువుగా దక్కే అవకాశం కాదు. ఇంగ్లండులోని విశ్వవిద్యాలయాల్లో 1908 నుంచే విద్యార్థులను సైనికాధికారులుగా తీర్చిదిద్దే శిక్షణ దళాలు పనిచేస్తుండేవి. పరపాలనలో ఉన్న భారతీయ యువకునికి మాత్రం ఆయుధవిద్య నిషిద్ధ ఫలం. ఆజాద్‌ హింద్‌ ఫౌజు నాయకునిగా చరిత్రకెక్కిన సుభాస్‌ చంద్రబోస్‌ విద్యార్థి దశలో ఆ తలుపు దగ్గర చాలాకాలం నిలబడ్డాడు. అది ఆయన కోసం తెరుచుకున్నది ఒక్కసారే, అదీ కొన్ని నెలలపాటే. ఆ కొన్ని నెలల కథే ఈ పాఠం.

సుభాస్‌ 1897 జనవరి 23వ తేదీన ఒరిస్సాలోని కటకంలో జన్మించాడు. తండ్రి జానకీనాథ్‌ పేరు మోసిన న్యాయవాది, తల్లి ప్రభావతీదేవి. పద్నాలుగుమంది సంతానంలో సుభాస్‌ తొమ్మిదవవాడు. అయిదేళ్లు నిండుతున్న వేళ, 1902లో, అతణ్ణి బాప్టిస్టు మిషన్‌వారు నడిపే ప్రొటెస్టెంట్‌ యూరోపియన్‌ పాఠశాలలో చేర్పించారు. అక్కడ చదివేవారిలో ఎక్కువమంది యూరోపియన్ల పిల్లలు, ఆంగ్లో ఇండియన్ల పిల్లలు. భారతీయ బాలురు కొద్దిమందే. సుభాస్‌ చదువులో ముందుండేవాడు, ఆటల్లో వెనుకబడేవాడు. బిడియస్థుడు. ఏడేళ్లపాటు ఆ పాఠశాల క్రమశిక్షణను, శుభ్రతను, సమయపాలనను అతడు ఇష్టంగానే అలవరచుకొన్నాడు.

అయితే రెండు విషయాలు ఆ పసి మనస్సులో ముల్లులా గుచ్చుకొన్నాయి. ఉపకార వేతనాలకై జరిగే పరీక్షలకు, తరగతిలో ఎంత మేటి అయినా, భారతీయ విద్యార్థి కూర్చోరాదు. ఆంగ్లో ఇండియన్‌ బాలుడు వాలంటీరు దళంలో చేరి భుజాన తుపాకి మోయవచ్చు, పక్క బెంచీ మీద కూర్చున్న భారతీయ బాలుడు మోయరాదు. ఎవరూ కేకలు వేయలేదు, కొట్టలేదు, తిట్టలేదు. ఒక నిబంధన అలా నిశ్శబ్దంగా అమలయ్యేది. ఒకే గదిలో ఒకే పాఠం వినే పిల్లలు రెండు లోకాలకు చెందినవారని సుభాస్‌కు మొదట తెలియజెప్పింది ఆ తుపాకే.

1909లో అతడు కటకంలోనే రావెన్‌షా కాలేజియేట్‌ పాఠశాలకు మారాడు. అక్కడి ప్రధానోపాధ్యాయుడు వేణీమాధవ దాస్‌ ప్రభావం, ఆ తరువాత వివేకానందుని రచనల ప్రభావం అతణ్ణి ఆధ్యాత్మిక మార్గంలోకి మళ్లించాయి. 1913లో మెట్రిక్యులేషన్‌లో విశ్వవిద్యాలయం మొత్తంలో రెండవ స్థానం సాధించి, కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చేరాడు. చదువుకన్నా సన్యాసం మీదనే ధ్యాస ఎక్కువగా ఉండేది. 1914 వేసవి సెలవుల్లో ఇంట్లో చెప్పకుండా ఒక మిత్రునితో కలిసి గురువును వెదుకుతూ బయలుదేరాడు. హరిద్వారం, హృషీకేశం, మథుర, బృందావనం, కాశీ తిరిగాడు. కోరిన గురువు దొరకలేదు. సుమారు రెండు నెలలకు తిరిగివచ్చి, సన్నిపాత జ్వరంతో మంచాన పడ్డాడు.

అతడు పడకమీద ఉన్న రోజుల్లోనే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. పత్రికల నిండా యుద్ధ వార్తలే. ఆ వార్తలు చదువుతూ అతని ఆలోచనలు కొత్తదారి పట్టాయి. దేశ పరిపాలనలో భారతీయులు క్రమంగా భాగం పొందుతూ, రక్షణ భారాన్ని మాత్రం పరాయివారికి వదిలివేయవచ్చునని ఆనాటి మితవాదులు కొందరు భావించేవారు. ఒక జాతి జీవితాన్ని అలా రెండు ముక్కలుగా కోయడం సాధ్యమా అన్న ప్రశ్న ఆ పదిహేడేళ్ల యువకుణ్ణి పట్టుకుంది. తన ఇంటిని తాను కాపాడుకోలేనివాడు ఆ ఇంటికి యజమాని ఎలా అవుతాడు? గురువును వెదుకుతూ వెళ్లినవానికి గురువు కన్నా ముందు ఈ ప్రశ్న ఎదురైంది.

బెంగాలీలు యుద్ధానికి పనికిరారని ఆ రోజుల్లో పాలకుల ప్రగాఢ విశ్వాసం. భారతీయులను యుద్ధజాతులనీ, కానివారనీ విభజించి, సైన్యంలోకి మొదటి తెగవారినే ఎక్కువగా తీసుకొనేవారు. బెంగాలీలు చదువుకు, గుమాస్తా ఉద్యోగాలకు తగినవారే తప్ప ఆయుధానికి తగరని ముద్ర వేశారు. బెంగాలు యువకులకు ఇది తీరని అవమానం. పాలకులు పదేపదే చెప్పే మాటను కొందరు తమకు తెలియకుండానే నమ్మసాగారు కూడా. నా దృష్టిలో ముద్ర వేసినవారు చేసిన హానికన్నా ఈ నమ్మకం చేసిన హానే పెద్దది.

ఇంతలో 1916 వచ్చింది. ప్రెసిడెన్సీ కళాశాలలో చరిత్ర అధ్యాపకుడు ఓటెన్‌ విద్యార్థుల పట్ల దురుసుగా ప్రవర్తించాడని జనవరిలో సమ్మె జరిగింది. ఫిబ్రవరిలో మళ్లీ వివాదం చెలరేగి, కొందరు విద్యార్థులు ఆయనపై చేయిచేసుకొన్నారు. సుభాస్‌ తరగతి ప్రతినిధి. విచారణకు అశుతోష్‌ ముఖర్జీ అధ్యక్షతన సంఘం ఏర్పడింది. ఆ దాడి న్యాయమేనా అని సంఘం అడిగింది. న్యాయం కాదని, కాని విద్యార్థులు తీవ్రంగా రెచ్చగొట్టబడ్డారని సుభాస్‌ సమాధానం చెప్పాడు. దాడిని ఒక్క మాటతో ఖండించి ఊరుకొని ఉంటే తప్పించుకొనేవాడేమో. అలా చేయలేదు. కళాశాల నుండి అతణ్ణి బహిష్కరించారు. వేరొక కళాశాలలో చేరేందుకూ విశ్వవిద్యాలయం అనుమతి నిరాకరించింది. పంతొమ్మిదేళ్ల వయస్సులో చదువు ఆగిపోయి కటకం చేరిన సుభాస్‌, రోగులకు సేవ చేస్తూ ఏడాదికి పైగా గడిపాడు.

1917లో తిరిగి కలకత్తా వచ్చి, చదువుకొనేందుకు విశ్వవిద్యాలయం అనుమతి కోసం ప్రయత్నిస్తుండగా, బెంగాలీలతో కూడిన 49వ రెజిమెంటుకు సైనికులను చేర్చుకొంటున్నారన్న వార్త తెలిసింది. తరువాతి కాలంలో మహాకవిగా ప్రసిద్ధి పొందిన కాజీ నజ్రుల్‌ ఇస్లాం సైనికునిగా చేరింది ఈ దళంలోనే. సుభాస్‌ కూడా వెళ్లి వైద్య పరీక్షకు నిలిచాడు. అన్నింటా నెగ్గాడు కాని కంటిచూపు పరీక్షలో తప్పిపోయాడు. ఎంత బతిమాలినా అధికారులు ఒప్పుకోలేదు. కళ్లద్దాలు లేనిదే దూరం కనిపించని యువకుణ్ణి యుద్ధరంగానికి పంపరు గదా!

ఆ ఏడాది జులైలో అనుమతి లభించి, అతడు స్కాటిష్‌ చర్చి కళాశాలలో బి.ఏ. మూడవ సంవత్సరంలో తత్త్వశాస్త్ర విద్యార్థిగా చేరాడు. అదే సమయంలో యుద్ధావసరాల దృష్ట్యా ప్రభుత్వం భారత రక్షణ దళాన్ని నెలకొల్పి, విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి దళాలకు అనుమతి ఇచ్చింది. కలకత్తా విశ్వవిద్యాలయానికి ఒక డబుల్‌ కంపెనీ మంజూరయింది. ఇందులో దేహ పరీక్షలు, ముఖ్యంగా కంటిచూపు పరీక్ష, అంత కఠినం కావు. సుభాస్‌ ఎంపికయ్యాడు. కళాశాల నుండి వెళ్లగొట్టబడిన విద్యార్థి ఏడాదిన్నర తిరిగేసరికి ప్రభుత్వపు తుపాకి పట్టుకొని ప్రభుత్వపు యూనిఫాంలో నిలబడ్డాడు!

తొలిరోజు ఫోర్ట్‌ విలియం కోటకు వెళ్లిన విద్యార్థుల దుస్తుల్లో పొంతన లేదు, నడకలో లయ లేదు. పుస్తకాల సంచులు మోసి వంగిన భుజాలు. ఎడమ కాలు ఏదో కుడి కాలు ఏదో తడుముకొనే అడుగులు. చూసిన సైనికులకు నవ్వు రాకుండా ఉండదు. ఈ దళానికి అధిపతి కెప్టెన్‌ గ్రే. స్కాట్లండు దేశీయుడు. సామాన్య సిపాయిగా చేరి, అంచెలంచెలుగా ఎదిగి అధికారి అయినవాడు. మాట మొరటు, ముఖం గంభీరం. బెంగాలీ విద్యార్థులను సైనికులుగా మలచడం కాని పని అని కోటలోని తోటి అధికారులు ఆయనను ముందుగానే హెచ్చరించారు. ఆయన ఆ మాట విని ఊరుకోలేదు, వాదనకూ దిగలేదు. పని మొదలుపెట్టాడు.

శిబిరం కోటకు సమీపంలో, మైదానంలో గుడారాలలో ఏర్పాటైంది. సుమారు నాలుగు నెలలపాటు విద్యార్థులకు అదే ఇల్లు, అదే బడి. కవాతు, ఆయుధాల వాడకం, నగర వీథుల వెంట సుదీర్ఘ పాదయాత్ర. ఇంటిదగ్గర సేవకులు అందించిన నీళ్లతో స్నానం చేసిన సంపన్నుల బిడ్డలు అక్కడ తమ పరుపు తామే చుట్టుకొన్నారు, తమ తుపాకి తామే తుడుచుకొన్నారు. కొద్ది వారాల్లోనే మార్పు కనిపించింది. అయోమయంగా అటూఇటూ కదిలిన గుంపు ఒకే అడుగుగా నడవసాగింది. చదువరులు గదా, చెప్పినదాన్ని త్వరగా గ్రహించేవారు. కాని గ్రహించడం వేరు, శరీరానికి అలవాటు కావడం వేరు. మొదటిది తెలివితో వస్తుంది, రెండవది చెమటతో వస్తుంది. గ్రే రెండవదాని దగ్గర ఎవరినీ ఉపేక్షించలేదు.

సుభాస్‌ జీవితంలో ఈ శిబిరం ఒక మలుపు. మూడేళ్ల కిందట సాధువుల పాదాల చెంత కూర్చున్నవాడు ఇప్పుడు భుజాన తుపాకితో ఒక ఆంగ్ల సైన్యాధికారి ఆజ్ఞకై నిటారుగా నిలబడ్డాడు. విచిత్రం ఏమిటంటే అందులో అతనికి ఆనందం కలిగింది. ఓటెన్‌ ఉదంతంలో అధికారానికి ఎదురు నిలిచినవాడు గ్రే ఆజ్ఞలను ఎలా పాటించాడు? సమాధానం గ్రే స్వభావంలోనే ఉంది. ఆయన కటువుగా మాట్లాడేవాడు, కాని తన కుర్రవాళ్ల మేలు కోరేవాడు. ఆ సంగతి వారికి తెలుసు. వారు తప్పు చేస్తే గద్దించేవాడు, వారి జాతిని కించపరచేవాడు కాదు. అందువల్ల ఆయన కోసం ఏ పని చేయడానికైనా ఆ విద్యార్థులు సిద్ధపడ్డారు. క్రమశిక్షణకూ అణకువకూ, ఆజ్ఞకూ అవమానానికీ ఉన్న తేడాను సుభాస్‌ పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు, ఆ మైదానంలో చూశాడు.

కోటలోనికి వెళ్లి తుపాకులు తెచ్చుకొనే సందర్భాన్ని ఆయన ఎన్నడూ మరచిపోలేదు. ప్లాసీ యుద్ధానంతరం ఆంగ్లేయులు తమ అధికారానికి చిహ్నంగా నిర్మించుకొన్న కోట అది. సామాన్య భారతీయునికి అందులో ప్రవేశం లేదు. అటువంటి ద్వారం గుండా వరుసగా లోనికి నడుస్తున్నప్పుడు, జన్మహక్కుగా తమదై ఉండి అన్యాయంగా తమకు దూరమైన వస్తువును తిరిగి స్వాధీనం చేసుకొంటున్నట్లు అతనికి తోచింది. తోడి విద్యార్థుల్లో ఎందరికి అలా తోచిందో గాని, కటకం పాఠశాలలో తుపాకికి నోచుకోని బాలుడు అతని లోపల ఇంకా ఉన్నాడు.

శిబిరం తరువాత మూడు వారాలపాటు బెల్ఘరియాలో గురితప్పకుండా కాల్చడంలో శిక్షణ సాగింది. ఇందులో చివరకు ఒక పోటీ జరిగింది. ఒకవైపు శిక్షణ ఇచ్చిన ఆంగ్ల సైనికులు, మరొకవైపు శిక్షణ పొందిన బెంగాలీ విద్యార్థులు. విద్యార్థులే గెలిచారు. పనికిరారని ముద్ర పడినవారు తమ గురువులనే మించారు. కోటలోని అధికారుల హెచ్చరికకు గ్రే ఇవ్వదలచిన సమాధానం ఆ పోటీలో దొరికింది. ఆ విజయంలో ఆయన కూడా తన శిష్యులంత సంతోషించి ఉంటాడనడంలో సందేహం లేదు.

ఈ శిక్షణ వల్ల తనకు దేహబలంతోపాటు ఆత్మవిశ్వాసమూ పెరిగిందని సుభాస్‌ తరువాతి కాలంలో భావించాడు. 1937 డిసెంబరులో ఆస్ట్రియాలోని బాద్‌గాస్టైన్‌లో ఉండగా ఆయన తన జీవితకథను రాయడం మొదలుపెట్టాడు. 1921 వరకే సాగి, అసంపూర్తిగా ఆగిపోయిన ఆ రచనలో ఈ శిబిర జీవితానికి తగిన చోటు దక్కింది.

1919లో సుభాస్‌ తత్త్వశాస్త్రంలో ప్రథమ శ్రేణిలో బి.ఏ. ఉత్తీర్ణుడయ్యాడు. ఐ.సి.ఎస్‌. పరీక్షకు ఇంగ్లండు వెళ్లమని తండ్రి కోరి, నిర్ణయం తీసుకొనేందుకు ఒక్క రోజు గడువిచ్చాడు. ఎంతో తర్జనభర్జన పడి, ఆ సెప్టెంబరులో ఓడ ఎక్కాడు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ విద్యార్థులకున్న స్వేచ్ఛ, వారికిచ్చే గౌరవం ఆయనను ఆశ్చర్యపరిచాయి. పోలీసు నీడలు వెంటాడే కలకత్తా నుండి వెళ్లినవానికి అది మరో ప్రపంచం.

ఆ ప్రపంచంలోనూ ఒక తలుపు మూసే ఉంది. కేంబ్రిడ్జిలో విద్యార్థుల కోసం అధికారుల శిక్షణ దళం ఉండేది. అందులో భారతీయ విద్యార్థులకు ప్రవేశం లేదు. తమనూ చేర్చుకోవాలని కోరుతూ అక్కడి భారతీయ విద్యార్థుల సంఘమైన ఇండియన్‌ మజ్లిస్‌ తన తరఫున సుభాస్‌ను, కె.ఎల్‌. గౌబాను లండనుకు పంపింది. అప్పుడు భారత వ్యవహారాల మంత్రి మాంటేగు, ఉపమంత్రి లిట్టన్‌ ప్రభువు. ఇండియా కార్యాలయానికి అభ్యంతరం లేదని, యుద్ధ కార్యాలయమే ఒప్పుకోవడం లేదని లిట్టన్‌ తెలిపాడు. భారతీయులను చేర్చుకొంటే ఆంగ్ల విద్యార్థులు కినుక వహిస్తారట. అంతేగాక ఆ శిక్షణ ముగించినవారికి బ్రిటిష్‌ సైన్యంలో అధికార పదవికి అర్హత వస్తుంది. భారతీయుడు ఆంగ్ల సైనికులపై అధికారి కావడమే అసలు చిక్కు. తమకు పదవులు అక్కరలేదని, శిక్షణ మాత్రమే కావాలని విద్యార్థులు హామీ ఇచ్చారు. కేంబ్రిడ్జికి తిరిగివచ్చి విచారిస్తే, యుద్ధ కార్యాలయానికి అభ్యంతరం లేదని, ఇండియా కార్యాలయమే అడ్డుపడుతున్నదని దళంవారు చెప్పారు! బంతిని ఒకరి నుండి ఒకరికి విసిరే ఈ ఆటలో సుభాస్‌ కేంబ్రిడ్జిలో ఉన్నంతకాలం తలుపు తెరుచుకోనేలేదు.

ఆనాటి పరిస్థితిని ఇక్కడ కొంచెం గమనించాలి. యుద్ధంలో లక్షలాది భారతీయ సైనికులు పాల్గొన్నారు. కాని బ్రిటిష్‌ చక్రవర్తి పేరిట ఇచ్చే అధికారి హోదాకు భారతీయులపై ఉన్న నిషేధం 1917లో గాని తొలగలేదు. ఆ తరువాత శాండ్‌హర్స్ట్‌ సైనిక కళాశాలలో భారతీయులకు కేటాయించినవి ఏటా పది స్థానాలు మాత్రమే. డెహ్రాడూన్‌లో సైనిక కళాశాల వెలిసేసరికి 1932 వచ్చింది. సిపాయిలుగా చనిపోవడానికి అర్హులైనవారు అధికారులుగా నడిపించడానికి అర్హులు కారన్న ఈ విధానమే కేంబ్రిడ్జి విద్యార్థులకు అడ్డుగోడగా నిలిచింది.

1920లో సుభాస్‌ ఐ.సి.ఎస్‌.లో నాలుగవ స్థానం సాధించాడు. 1921 ఏప్రిల్‌లో ఆ ఉద్యోగానికి రాజీనామా చేసి స్వదేశానికి తిరిగివచ్చాడు. తరువాతి కథ మీకు తెలిసిందే. ఒక్క విషయం మాత్రం చెప్పాలి. కేంబ్రిడ్జి విద్యార్థుల మొర విన్న లిట్టన్‌ ప్రభువే 1922లో బెంగాలు గవర్నరుగా వచ్చాడు. ఆయన హయాంలోనే, 1924లో, సుభాస్‌ను విచారణ లేకుండా నిర్బంధించి బర్మాలోని మాండలే చెరసాలకు పంపారు. శిక్షణ ఇమ్మని అడిగిన విద్యార్థి, లేదన్న ప్రభుత్వం నాలుగేళ్లలో అలా మళ్లీ ఎదురెదురుగా నిలిచారు.

1928 డిసెంబరులో కలకత్తాలో కాంగ్రెసు మహాసభలు జరిగినప్పుడు స్వచ్ఛంద సేవకుల బాధ్యత సుభాస్‌కు అప్పగించారు. ఆయన వారికి సైనిక దుస్తులు తొడిగి, హోదాలు కల్పించి, కవాతు నేర్పించాడు. స్త్రీల దళాన్నీ ఏర్పాటు చేశాడు. అహింసావాది గాంధీజీకి ఈ ఆర్భాటం రుచించలేదు. పలువురు నవ్వుకొన్నారు. నవ్వినవారిని పూర్తిగా తప్పుపట్టలేం, ఎందుకంటే ఆ సైన్యానికి తుపాకులు లేవు, జరపవలసిన యుద్ధమూ లేదు. కాని ఫోర్ట్‌ విలియం మైదానాన్ని ఎరిగినవారికి ఆ కవాతులో వేషంకన్నా వేరైనదేదో కనిపించి ఉండాలి.

పదిహేనేళ్ల తరువాత, 1943 జులైలో, సింగపూరులో ఆయన ఎదుట నిలిచినది నిజమైన సైన్యం. ఆగస్టులో దానికి తానే సర్వసేనాని అయ్యాడు. ఆయన పొందిన సైనిక శిక్షణ అంతా ఆ నాలుగు నెలల శిబిరం, మూడు వారాల గురిపరీక్షలే. వృత్తి సైనికుల ఎదుట ఆ లోటు చిన్నది కాదు. బహుశా అందుకే ఆయన శిక్షణపై అంతగా శ్రద్ధ పెట్టాడు. యువకులను అధికారులుగా తీర్చిదిద్దే పాఠశాల నడిచింది. నలభై అయిదుమంది కుర్రవాళ్లను ఏరి, సైనిక విద్య నేర్చుకొనేందుకు జపానుకు పంపించాడు. డాక్టర్‌ లక్ష్మీ స్వామినాథన్‌ నాయకత్వంలో ఝాన్సీరాణి దళం ఏర్పడింది. మలయా రబ్బరు తోటల్లో పనిచేసే దక్షిణ భారత కార్మిక కుటుంబాల ఆడపిల్లలు ఎందరో అందులో చేరి తుపాకి పట్టారు. 1944లో ఇంఫాలు పోరాటం విఫలమైంది. 1945 ఆగస్టు 18వ తేదీన తైపేలో విమాన ప్రమాదంలో గాయపడి సుభాస్‌ మరణించాడు. ఆ మరణంపై అనంతరం ఎన్నో వివాదాలు చెలరేగాయి.

కలకత్తాలో సుభాస్‌ చేరిన దళం వంటి విశ్వవిద్యాలయ దళాలు 1920లో యూనివర్సిటీ ట్రైనింగ్‌ కోర్‌గా మారాయి. 1942లో దానికే యూనివర్సిటీ ఆఫీసర్స్‌ ట్రైనింగ్‌ కోర్‌ అని పేరు పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక, హృదయనాథ్‌ కుంజ్రు సంఘం సూచనల మేరకు, 1948 జులైలో నేషనల్‌ కాడెట్‌ కోర్‌ ఆ స్థానంలో వెలిసింది. మరుసటి ఏడాది అందులో బాలికల విభాగాన్నీ ప్రారంభించారు.